సముద్రం జమీలాబీ రొయ్యల్లో పాషాణం

గద్వాల కోట వెనక సందుల్లో జమీలాబీ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించరు. "ముక్కు ఎటు గుంజితే అటు పో" అంటారు. ఎండు రొయ్యల వాసన అంత దూరం ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయేది. ఒకసారి కళ్లు కనపడని ముసలాయన కర్నూలు బస్సు దిగి, ఎవర్నీ అడక్కుండా నేరుగా ఆమె గడప ముందు నిలబడ్డాడట. ఈ మాట చెప్పింది జమీలాబీయే. కాబట్టి ముసలాయన నిజంగా ఉన్నాడో లేడో ఎవరి ఇష్టం వాళ్లది.

జమీలాబీ నోట్లో పడిన మాట పెరగకుండా బయటికి రాదు. బందరు సముద్రంలో ఒక రొయ్య మీసాన్ని కోసి పడవకు తాడుగా కట్టుకున్నారని చెబుతుంది. ఇంకో రొయ్య లారీలోంచి దూకి, జూరాల డ్యాము గేట్లు తెరిపించుకుని మళ్లీ సముద్రానికి వెళ్లిపోయిందని చెబుతుంది. ఆ లారీ నడిపింది ఆమె మొగుడు ఆజం. మోకాళ్లు అరిగాక స్టీరింగు వదిలేసి, ఇంట్లో కూర్చుని రొయ్యల్లో ఇసుక చెరుగుతున్నాడు. పెళ్లాం కథ మరీ పెద్దదైనప్పుడు చాట ఆపి సన్నగా దగ్గుతాడు. "జర తగ్గించు, జమీలా" అని ఆ దగ్గుకు అర్థం.

"నువ్వు రోడ్డు సూస్తున్నవ్, నేను రొయ్యను సూస్తున్న. నీకేం తెలుసు?" అంటుంది ఆమె.

పెళ్లైన కొత్తలో ఆమె ఆ లారీలోనే బందరు వెళ్లి సముద్రం చూసింది. ఒక్కసారే. ఆ ఒక్కసారి బతుకంతా సరిపోయింది. అక్కడ ఆజం సరుకు ఎక్కించుకున్న జాలరి ఇంటివాళ్ల నుంచే ఈరోజుకీ ఆమెకు బస్తాలు వస్తాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వారపు అంగళ్లలో ఆమె పరిచే గోనెసంచి మీద ఉన్నది అచ్చంగా సముద్రపు సరుకు. చిత్రమేమిటంటే, మీసం తాడు కథ నమ్మినవాళ్లు ఉన్నారు కానీ, సరుకు బందరుదన్న మాట నమ్మినవాడు ఒక్కడూ లేడు. "జూరాల కాడ పట్టి, జర ఉప్పు సల్లి ఎండబెడ్తది" అని నవ్వేవాళ్లు. వెక్కిరించడానికే ఆమెకు సముద్రం జమీలాబీ అని పేరు పెట్టారు. ఆమె దాన్ని బిరుదులా తీసుకుంది.

అయితే ఆమె అసలు పండగ ఈ మూడు ఊళ్ల అంగళ్లలో కాదు, మిరుగం ముందు గట్టు అనే ఊరి వైపు మెట్ట ఊళ్లలో. మృగశిర కార్తె మొదలైన రోజు ఆ పక్క ఎవరింట్లోనైనా చేపో రొయ్యో ఉడకాల్సిందే. ఆ రోజు తినకపోతే వానాకాలమంతా రోగం పీడిస్తుందని నమ్మకం. పచ్చి చేప అంత దూరం ఎండలో ప్రయాణం చెయ్యదు, కాబట్టి ఎండుదే దిక్కు. ఆ మెట్టలో ఒక పెద్ద ఊరుంది, పేరెందుకులే, ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఈ సంగతి ఎత్తితే మాట మారుస్తారు. అక్కడి అంగడిలో వేపచెట్టు నీడన ఉన్న చోటు జమీలాబీది. మిరుగం ముందు అంగడికి ఆ చోట కూర్చుంటే ఏడాది గడిచినట్టే. ఆ చోటు మీద కన్నేసినవాడు కురుమూర్తి. అతనూ ఎండు రొయ్యలే అమ్ముతాడు, అతనూ సముద్రం సరుకనే అంటాడు. తేడా ఏమిటంటే, కోతలు కోయనివాడు కాబట్టి అతన్ని జనం నమ్ముతారు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో యమున అనే అమ్మాయి ఆ అంగడికి వచ్చింది. పాన్‌గల్ రైతు బిడ్డ, హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. తినేవాటిలో, తాగేవాటిలో ఆర్సెనిక్ ఎంతుందో కొలవడం ఆమె పని. గట్టులో బోరు నీళ్లు, వనపర్తిలో కల్లు, నాగర్‌కర్నూల్‌లో బియ్యం అప్పటికే సీసాల్లో, సంచుల్లో పట్టుకుంది. అంగడి వసూళ్లు గుత్తకు తీసుకున్న పెంటయ్యను అడిగి, రొయ్యల కోసం ఇటు వచ్చింది.

"ఆర్సెనిక్ అంటే ఏంది బిడ్డా?" అంది జమీలాబీ.

"పాషాణం అంటరు గద చిన్నమ్మా, అదే."

"సంఖియానా? మా తాత హకీం. గోళీలల్ల ఆవగింజంత కలిపేటోడు. ఒక్కసారి చెయ్యి జారి రెండు గింజలు పడ్డయి. రోగి లేచి నడుసుకుంట హైదరాబాదు పోయిండు, మళ్ల రాలే." ఆజం అక్కడ లేడు కాబట్టి దగ్గు వినపడలేదు. ఆమె దోసిలి నిండా రొయ్యలు తీసి సంచిలో పోసింది. "ఇంకో పిడికెడు తీస్కో. మీ మిషన్ గూడ తినాలె గద."

కురుమూర్తి కూడా ఇచ్చాడు, వేళ్ల సందుల్లోంచి రాల్చినట్టు.

కొన్నాళ్లకు యమున మొదటి కొలత పూర్తయింది. జమీలాబీ రొయ్యల్లో ఆర్సెనిక్ బాగా ఎక్కువ వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ. యమున జాగ్రత్త గల పిల్ల, తనకు దారి చూపించాడు కదా అని పెంటయ్యకు ఫోన్ చేసి చెప్పింది. "పెంటయ్య మామా, ఆమె సరుకుల ఆర్సెనిక్ ఎక్కువుంది. అయితే అది చంపే రకమా, ఏమీ చెయ్యని రకమా అన్నది రెండో మిషన్ మీద చూడాలె. అప్పటిదాంక ఎవరికీ ఏం చెప్పకు." కురుమూర్తి సరుకులో ఏమీ లేదన్న మాట కూడా అదే ఫోన్లో, పెంటయ్య గుచ్చి గుచ్చి అడిగితే, నోరు జారింది.

పెంటయ్య చెడ్డవాడు కాదు, భయస్తుడు. తన అంగడిలో ఎవరైనా చచ్చిపోతే ఎట్లా అన్న బెంగతో ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు. తెల్లారి డప్పు ఇస్రాయేలును పిలిచాడు. ఫోన్లో విన్న మాటలో మొదటి సగం డప్పుకెక్కింది. రెండో సగం ఫోన్లోనే ఉండిపోయింది.

ఆ ఊళ్లో ఇస్రాయేలు డప్పు మీద నుంచి వచ్చిన మాటకు తిరుగులేదు. పింఛను వచ్చినా, కరెంటు పోయినా, గొర్రె తప్పిపోయినా అతను చాటితేనే నిజం. "జమీలాబీ రొయ్యల్ల పాషాణం ఉన్నది, ఎవ్వరు కొనొద్దహో" అని వాడవాడా తిరిగాడు. ఆ మాట గట్టులో బస్సెక్కి, జమీలాబీ కంటే ముందే గద్వాలలో దిగి, అక్కడ బస్సు మారి వనపర్తి చేరింది.

నాగర్‌కర్నూల్ అంగడిలో ఆమె పొద్దంతా కూర్చుంటే ఈగలు తప్ప ఎవరూ రాలేదు. పొద్దు వాలుతుండగా ఒక కోడలు పిల్ల కొంగు తల మీదికి లాక్కుని వచ్చి, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"మా అత్తకు ఎంత పెడితే సాలు?"

జమీలాబీ బతుకులో మొదటిసారి బేరం వదులుకుని లేచింది. ఇంటికొచ్చి ఆజం ముందు సంచి పడేసింది. "నా కథలు నమ్మకపోతే నవ్విన. నా సరుకు సముద్రానిది కాదంటే గూడ నవ్విన. ఇప్పుడు నేను జనానికి విషం పెడ్తున్ననంట. గిది నవ్వేది కాదు."

"మనం తింటనే ఉన్నం గద, బతికే ఉన్నం" అన్నాడు ఆజం.

"నువ్వు బతికే ఉన్నవని ఎవరు నమ్ముతరు? పొద్దంత చాట ముందల కదలకుండ కూసుంటవ్."

వేపచెట్టు నీడన ఇప్పుడు కురుమూర్తి గోనెసంచి పరిచాడు. పెంటయ్య నోట సున్నా సంగతి విన్నాక వచ్చినవాళ్లకల్లా ఒకటే మాట. "మిషన్ పెట్టి సూసిన్రు. నా దాంట్ల సున్నా. అసలు సముద్రం సరుకంటే గిది. ఆమెది జూరాల బురద, బురదల ఏముంటదో నీకు తెల్వదా?" మిరుగం దగ్గర పడుతోంది. మిరుగం ముందు అంగడికి కూడా అతనే అక్కడ కూర్చుంటే ఇక జమీలాబీ పేరు ఆ మెట్టలో రొయ్యలతో కాదు, పాషాణంతోనే నిలిచిపోతుంది. ఆమెకు కావలసింది ఆ లోపల ఆ డప్పు మీదనే, అదే ఇస్రాయేలు నోటితో, మాట తిరగడం.

ఇద్దరూ రైలెక్కారు. సంచిలో రొయ్యలు ఆజం ఒళ్లో, ఆజం జమీలాబీ నిఘాలో. పెట్టెలో వాళ్ల చుట్టూ జాగా తనంతట తనే ఖాళీ అయింది. హైదరాబాదు వరకూ కాళ్లు చాపుకునే పోయారు.

యమున వాళ్లను చూసి బెదిరిపోయింది. డప్పు సంగతి అప్పుడే తెలిసింది ఆ పిల్లకు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను చెప్పొద్దన్న చిన్నమ్మా. రెండో కొలత వరుసల ఉన్నది, ఇంకా నా వంతు రాలే."

"ఏడ్వకు బిడ్డా, ఏడిస్తే మిషన్ నడుస్తదా? వరుసల ముందల ఎవరున్నరో సూపెట్టు. వాళ్లతోటి నేను మాట్లాడుత."

వరుసలో ముందున్న పెద్దాయనతో ఆమె ఏం మాట్లాడిందో యమున ఎప్పుడూ బయటపెట్టలేదు. కథ రొయ్య మీసం దగ్గర మొదలై డ్యాము గేట్ల దాకా వచ్చేసరికి ఆయన ఇక నవ్వలేక తన వంతు ఇచ్చేశాడని మాత్రం అక్కడ పనిచేసేవాళ్లు అంటారు.

రొయ్యల్ని పొడి చేసి, వేడి నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ తేటను చిన్న సీసాలోకి తీసి యమున మిషన్‌కు అందించింది. అంత చేసినా గదిలో గద్వాల వాసన వచ్చేసింది.

"ఇప్పుడు చెప్పు. పాషాణం అంటే పాషాణమే గద, దాంట్ల మళ్ల రకాలేంది?"

యమున ఆలోచించింది. పుస్తకంలో ఉన్నట్టు చెబితే పని కాదని తెలుసు. "ఆర్సెనిక్ ఒక ఇంటిపేరు అనుకో. ఆ ఇంట్ల మనుషుల్ని చంపేటోళ్లున్నరు, ఎవరి జోలికీ పోనోళ్లూ ఉన్నరు. మొదటి మిషన్ ఇంటిపేరు చూసి అందర్నీ కలిపి లెక్కబెట్టింది. ఇది ఒక్కొక్కరి మొహం చూస్తది."

"మా ఖాందాన్ లెక్కనే" అంది జమీలాబీ. "మా చిన్నమామ ఒక్కడు చెడ్డోడు. వాని వల్ల మాకెవ్వరికీ పిల్లనియ్యలే."

"మా ఇంటోళ్లను వదిలెయ్, జమీలా" అని దగ్గాడు ఆజం.

యమున సన్నటి గొట్టం చూపించింది. సీసాలోని తేట ఆ గొట్టంలోకి పోతుంది. లోపల ఒక్కో రకం ఒక్కోలా అతుక్కుంటుంది. కొన్ని గబగబా బయటికొస్తాయి, కొన్ని ఆలస్యంగా. ఏది ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. బయటికి వచ్చినదాన్ని వచ్చినట్టే రెండో పెట్టెలోని మంట పట్టుకుని లెక్కిస్తుంది.

"కర్నూలు బస్సు దిగినట్టు" అంది జమీలాబీ. "చేతుల ఏం లేనోడు ముందల దూకుతడు. మూటలున్నోడు ఆఖర్ల దిగుతడు. తలుపు కాడ నిలబడితే ఎవడెవడో తెలుస్తది."

"అంతే చిన్నమ్మా." యమున తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

తెర మీద గీత చదునుగా పాకింది. ఉన్నట్టుండి లేచింది. కొండలా లేచి, తెర పైఅంచుకు తగిలి, దిగింది. జమీలాబీ ఆజం చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగినా ఆజం దగ్గలేదు.

"గా కొండ ఎవరు?"

"ఎవరి జోలికీ పోని రకం. తింటే వచ్చిన దారినే వెళ్లిపోతది, ఒంట్ల నిలవది."

"చంపేటోళ్లు?"

"వాళ్లు దిగే సమయాలు ఇవి." యమున తెర మీద రెండు చోట్ల వేలు పెట్టింది. గీత ఒక చోటు దాటింది, లేవలేదు. ఇంకో చోటు దగ్గరికి వచ్చింది. అక్కడా నేల మీద చీమ నడిచినట్టు నడిచి వెళ్లిపోయింది. యమున లేచి నిలబడింది. "లేదు చిన్నమ్మా. లెక్కలోకి తీసుకునేంత లేదు. నీ రొయ్యలు భేషుగ్గా తినొచ్చు."

జమీలాబీ నవ్వబోయింది. అంతలో యమున, తనకు మామూలు విషయమే కాబట్టి, గొట్టం తుడుస్తూ మామూలుగా అంది. "సముద్రంల పెరిగిన రొయ్యలన్నిట్ల ఈ రకం ఉంటది. నదుల, చెరువుల పెరిగినవాటిల్ల ఉండదన్నట్టే."

పెళ్లైన నాటి నుంచి జమీలాబీ మాట ఆగడం ఆజం చూడటం అదే మొదటిసారి.

"మళ్లోసారి చెప్పు బిడ్డా."

యమున మళ్లీ చెప్పింది.

"అంటే గా కొండ సముద్రం ముద్రనా?"

"అట్లనే అనుకో."

"మరి సున్నా వచ్చినోని సరుకు?"

యమునకు అప్పుడు అర్థమైంది. "ఎవరి సరుకుల ఏమొచ్చిందో నేను చెప్పొద్దు. ఒకసారి నోరు జారి ఇంత చేసిన."

"నువ్వేం చెప్పొద్దు తల్లీ" అంది జమీలాబీ. ఆమె ముఖంలోకి పోయిన వెలుగు తిరిగొచ్చింది. "వాడే చెప్తడు. ఊరంత చెప్తనే ఉన్నడు."

మిరుగం ముందు అంగడి రోజు మెట్ట ఊళ్లన్నీ అక్కడే ఉన్నాయి. జమీలాబీ, ఆజం, యమున బస్సు దిగి నడిచొస్తుంటే జనం రెండుగా చీలారు. సగం భయం, సగం తమాషా. జమీలాబీ వేపచెట్టు దాకా పోయి, కురుమూర్తి ఎదురుగా ఎండలో పొయ్యి వెలిగించింది. బాణలి పెట్టి, ఉల్లిగడ్డ, ఎండు మిరపకాయలు వేసి, రొయ్యలు వేయించింది. ఆ వాసనకు అంగడిలో సగం భయం అక్కడికక్కడే చచ్చిపోయింది. యమున జొన్నరొట్టెలో చుట్టుకుని ముందు తాను తింది.

పెంటయ్య పరుగెత్తుకొచ్చాడు. యమున తింటూనే చెప్పింది. "మామా, ఆ రోజు నేను రెండు మాటలు చెప్పిన. నువ్వు ఒకటి చాటించినవు. రెండోది ఇప్పుడు తెచ్చిన. ఇందుల ఉన్నది హాని చెయ్యని రకం. చంపే రకం లేదు. నేనే కొలిచిన."

పెంటయ్య ముఖం కడిగినట్టయింది. "నా అంగట్ల ఎవ్వరు చావరు గద?"

"కడుపు నిండి చస్తే నాకు తెల్వదు" అంది జమీలాబీ. "ఇస్రాయేలూ, డప్పు మంటకు కాపుకొచ్చినవా?"

ఇస్రాయేలు డప్పు తెచ్చుకునే వచ్చాడు, కానీ తల గోక్కున్నాడు. "ఏమని సాటాలె అక్కా? పాషాణం ఉన్నదంటే కొనరు. లేదంటే అబద్ధమైతది. ఉన్నది గాని మంచిదంటే నన్ను కల్లు తాగిండంటరు."

"జర ఆగు. ముందల కురుమూర్తి తమ్మిని ఒక మాట అడుగుత." ఆమె అతని వైపు తిరిగింది. గొంతులో తేనె కారుతోంది. "తమ్మీ, నీ సరుకుల మిషన్ ఏం సూపెట్టింది?"

కురుమూర్తి రొమ్ము విరుచుకున్నాడు. "సున్నా. గీ ఊరంతకు తెలుసు."

"ఎక్కడి సరుకు?"

"సముద్రం సరుకు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఇంకొక్కసారే. అందరు విన్నరా? బిడ్డా యమునా, ఎవరి పేరు వద్దు. ఊరికే అడుగుతున్న. సముద్రంల పెరిగిన రొయ్యల మిషన్ సున్నా సూపెడ్తదా?"

యమున చేతిలో రొట్టె ఆగింది. అడిగినది చదువు ప్రశ్న, జవాబు చెప్పకుండా ఉండలేదు. "సూపెట్టదు. సముద్రందైతే ఆ మంచి రకం ఉండి తీరుతది. సున్నా వస్తే అది మంచినీళ్లల్ల పెరిగింది."

ఒక క్షణం ఎవరికీ ఎక్కలేదు. ముందుగా ఎక్కింది ఇస్రాయేలుకు. అతను కావాలని ఏమీ చెయ్యకపోయినా డప్పు ఒకసారి దభీమని మోగింది. ఆ తరువాత అంగడి అంగడంతా పొట్టలు పట్టుకుంది. "జూరాల కురుమూర్తి" అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఆ పేరు అక్కడికక్కడే అతనికి అతుక్కుపోయింది.

కురుమూర్తి చెవులు ఎర్రబడ్డాయి. గోనెసంచి అంచులు మడవబోయాడు. జమీలాబీ ఆ సంచి మీద చెయ్యి పెట్టింది.

"ఎందుకు తమ్మీ, జూరాల రొయ్యకు ఏం రోగం? అదిగూడ మంచిదే అంటుంది మా బిడ్డ. జూరాలదని చెప్పి అమ్ముకో. గా పక్కకు జరుగు, నా నీడ నాకియ్యి." ఆపైన బాణలిలోంచి ఒక రొయ్య తీసి అతని చేతిలో పెట్టింది. "తిను. సముద్రం ఎట్లుంటదో నీకు గూడ తెల్వాలె గద."

అతను తిన్నాడు. అంత మంది చూస్తుండగా బాగోలేదని అనలేకపోయాడు, నిజానికి బాగుంది కూడా.

ఇప్పుడు ఏం చాటాలో జమీలాబీకి తెలుసు. ఇస్రాయేలు చెవిలో చెప్పింది. అతను డప్పు వాయిస్తూ అంగడంతా తిరిగాడు. "విన్నరా ఊరి జనమంత, సముద్రం జమీలాబీ రొయ్యలు నిజంగ సముద్రం రొయ్యలేనహో. హైదరాబాద్ మిషన్ ముద్ర కొట్టిందహో. మిరుగానికి తినుండ్రహో."

పాషాణం మాటే అందులో లేదు. ఎవరూ అడగనూ లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే బస్తాలు అడుగంటాయి. నాగర్‌కర్నూల్ నుంచి ఎవరి పెళ్లికో వచ్చిన ఒక కోడలు పిల్ల కూడా అత్తను వెంటబెట్టుకుని వచ్చి రొయ్యలు కొంది. జమీలాబీ ఆ పిల్లను గుర్తుపట్టి, అత్త చూడకుండా ఇంకో పిడికెడు వేసి, "దీంట్లనైతే ఏం లేదు బిడ్డా, వేరే ఉపాయం సూస్కో" అంది.

సాయంత్రం వేపచెట్టు కింద చుట్టూ చేరినవాళ్లకు ఆమె హైదరాబాదు సంగతి చెబుతోంది. అప్పటికే గీత తెర దాటి గోడెక్కింది. "కొండ లేసింది సూడుండ్రి, పైకప్పుకు తగిలి పెచ్చులు రాలినయి. మిషన్ లోపలికెంచి అలల సప్పుడు. అందరు చెప్పులిడిసి నిలబడ్డరు."

అలవాటు ప్రకారం జనమంతా ఆజం వైపు చూశారు, దగ్గు కోసం. ఆజం చాట పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు.

"నా లుంగీ గూడ తడిసింది" అన్నాడు ఆజం. "ఇంట్ల ఉన్నది, ఇప్పటికీ ఉప్పగనే ఉన్నది."